పసుపు చొక్కాతో లోయలోకి

హాలెండులో కొండలు లేవనే చెప్పాలి. అంతా చదును నేల, కాలువలు, ఎదురుగాలి. ఆ దేశపు సైకిలు వీరుడు విం వాన్ ఎస్ట్ పేరు మాత్రం ఒక కొండ పుణ్యాన నిలిచిపోయింది.

అతడు 1923లో ఫైనార్ట్ అనే ఊళ్లో పుట్టాడు. యుద్ధకాలంలో బెల్జియం సరిహద్దు మీదుగా సైకిలుపై దొంగచాటుగా పొగాకు చేరవేసి, పట్టుబడి, జైలుకు కూడా వెళ్లాడు. ఆ రాకపోకల్లోనే కాళ్లకు సత్తువ వచ్చి ఉంటుందని నేననుకుంటాను.

టూర్ ద ఫ్రాన్స్ పందెం రోజుకొక మజిలీ చొప్పున మూడు వారాలు పైగా సాగేది. అంతవరకూ పట్టిన మొత్తం కాలం ఎవరికి తక్కువో, వారికి పసుపుపచ్చ చొక్కా. 1951 జూలై 16న డాక్స్ పట్టణం చేరిన మజిలీ గెలిచి, వాన్ ఎస్ట్ ఆ చొక్కా తొడుక్కున్నాడు. డచ్చివారిలో అతడే మొదటివాడు.

మర్నాడే పిరనీ పర్వతాలు! ఓబిస్క్ కనుమ 1,709 మీటర్ల ఎత్తు. చొక్కా దక్కించుకోవాలనే ఆత్రంతో దిగుడులో వేగం పెంచాడు. మలుపులో సైకిలు జారింది. మనిషి రోడ్డు దాటి లోయలో పడ్డాడు. పైనుంచి తొంగి చూస్తే, సుమారు 70 మీటర్ల కింద చిన్న పసుపు చుక్క.

ప్రాణం ఉంది! కానీ జట్టు కారులోని తాడు అందలేదు. జట్టు పెద్ద పెలనార్స్ 40 దాకా సైకిలు టైర్లు ఒకదానికొకటి ముడివేయించి, వాటితోనే పైకి లాగించాడు. చెప్పుకోదగిన గాయమే లేదు. అయినా రోడ్డుపక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దెబ్బలకు కాదు, చొక్కా పోయినందుకేనని నాకనిపిస్తుంది. టైర్లన్నీ సాగిపోయి పనికిరాకుండా పోవడంతో జట్టు జట్టంతా పందెం మాని ఇంటిదారి పట్టింది.

అతని చేతినున్న పాంటియాక్ గడియారం మాత్రం నడుస్తూనే ఉందట. గుండె ఆగినా గడియారం ఆగలేదంటూ కంపెనీవారు ప్రకటనలు వేశారు. హాలెండులో అవి ఇంటింటా తెలిసిపోయాయి.

ఆ ప్రకటన అతనికి కొంత అన్యాయమే చేసిందంటాను నేను. పడ్డవాడిగానే అందరికీ గుర్తు. 1953లో ఫ్లాండర్స్ పందెం గెలిచిన మొదటి డచ్చివాడూ అతడే. 1955లో పసుపు చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. ఇక బోర్డో నుంచి పారిస్‌కు, సుమారు 560 కిలోమీటర్లు, రాత్రివేళ బయలుదేరి ఏకబిగిన తొక్కే పందెం! దాన్ని 1950లో, 1952లో, మళ్లీ 1961లో గెలిచాడు. మూడోసారికి వయసు 38.

2001లో, సరిగ్గా యాభై ఏళ్లకు, ఓబిస్క్ మలుపులో అతని పేర ఫలకం పెట్టారు. 2003లో, ఎనభయ్యో ఏట, కన్నుమూశాడు.