తప్పు జరిగినను నోరు మెదపని ప్రోగ్రాము

పూర్వము నావికులు ఓడవేగమును కొలుచుటకు త్రాటికి కట్టిన కొయ్యచెక్కను సముద్రములోనికి విసరెడివారు. నియమితకాలములో త్రాటిముడులు ఎన్ని చేతినుండి జారినవో లెక్కించి పుస్తకములో వ్రాసికొనెడివారు. ఆ కొయ్యకు ఇంగ్లీషులో 'లాగ్' అని పేరు. ఆ పుస్తకము 'లాగ్ బుక్' అయినది. నేటి కంప్యూటరు ప్రోగ్రాములును తాము చేసిన పనులను, తమకు కలిగిన చిక్కులను ఇట్లే వ్రాసిపెట్టును. దీనినే లాగింగ్ అందురు.

వెబ్‌సైటు నిర్మించువారు సమస్తమును మొదటినుండి వ్రాయరు. స్తంభములు, దూలములు ముందే నిలిపిన ఇంటివంటి చట్రమును తెచ్చుకొందురు. ఇట్టి చట్రమునకు ఫ్రేమ్‌వర్కు అని పేరు. అమెరికాలోని లారెన్స్ పట్టణమున ఒక వార్తాపత్రిక కార్యాలయములో పుట్టి, 2005లో లోకమునకు వెల్లడియైన 'జాంగో' అట్టిది. పైథాన్ భాషలో వ్రాయబడిన ఈ చట్రము లాగింగు ఏర్పాటును కూడ తనతోనే తెచ్చును. ఉన్నది గదా అని నమ్మి ఊరకుండుటలోనే చిక్కు కలదు.

పైథానులో ప్రతి సందేశమునకు ఒక స్థాయి యుండును: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ప్రోగ్రామరు వేరుగా ఏర్పాటు చేయనిచో అతని సందేశములలో 30కి తక్కువైనవి ఎచ్చటను కనబడవు. "దరఖాస్తు చేరినది" అని అతడు శ్రద్ధగా వ్రాయించిన ఇన్ఫో సందేశము గాలిలో కలిసిపోవును.

ఇంతకంటె గడ్డుది మరియొకటి గలదు. జాంగోలో 'డీబగ్' అను పేరుతోనే ఒక మీట యున్నది. నిర్మాణకాలములో దానిని తెరచి యుంచుదురు. అప్పుడు ఏ తప్పు జరిగినను దాని పూర్వాపరములన్నియు తెరమీద కనబడును. ప్రజలకు అప్పగించునాడు ఆ మీటను మూయక తప్పదు. మూయనిచో లోపలి గుట్టు దారినపోవువారికి కూడ తెలియును. మూసినంతనే జాంగో కన్సోలుపై వ్రాయుట మాని, ఎర్రరు మొదలు పైస్థాయి సందేశములను నిర్వాహకులకు ఈమెయిలుగా పంప జూచును. నిర్వాహకులెవరు? 'అడ్మిన్స్' అను జాబితాలో నున్నవారు. ఆ జాబితా మొదట శూన్యము! కనుక ఉత్తరము బయలుదేరనే బయలుదేరదు.

ఒక పాఠశాల ఫలితముల పుట ఇట్లు చెడినదనుకొందము. విద్యార్థికి 'సర్వర్ ఎర్రర్ 500' అను తెల్లని పుట కనబడును. తన ఫోనుదే లోపమని అతడు తలచును. ప్రోగ్రామరు తన బల్లమీది కంప్యూటరులో చూడగా అన్నియు సవ్యముగనే యుండును. వెబ్ సర్వరు పద్దులో 500 అను అంకె పడవచ్చును గాని, కారణము పడదు. చట్రకర్తలు ఈ సంగతిని తమ పత్రములలో చెప్పియే యున్నారు. అయినను చదువనివానిని హెచ్చరింపని మౌనము మంచి ఏర్పాటు అనిపించుకొనదు.

మందు సులభమే. సెట్టింగులలో 'లాగింగ్' అను పట్టికను వ్రాసి, మీట మూసినను సందేశములు కన్సోలునకు చేరునట్లు చేయవలెను. అచ్చటను ఒక ఉచ్చు గలదు. ఆ పట్టికలో 'డిజేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్' అను అంశమును 'ఫాల్స్' అని వ్రాయనిచో, అంతకుముందే పుట్టియున్న లాగర్లలో పట్టికకెక్కనివి మూగవోవును. మీట మూసిన పిమ్మట కావలెనని ఒక తప్పు చేయించి, దాని జాడ ఎక్కడికి చేరినదో కన్నులార చూచిన తరువాతనే వెబ్‌సైటును ప్రజలకు తెరువవలెను.