సైన్సు అంటే భయమెందుకు?

ఇంటర్ పరీక్షలు ముగియగానే బౌద్ధనగర్, తార్నాక వైపు నుండి అమ్మాయిలు తల్లులను వెంటబెట్టుకొని మా వద్దకు వస్తారు. "మేడమ్, నర్సింగ్ చేయాలని ఉంది, కాని ఫిజిక్స్ అంటే భయం" అంటారు.

తెలంగాణలో బి.ఎస్సీ. నర్సింగ్‌కు ఈఏపీసెట్ రాయాలి. 3 గంటలు, 160 ప్రశ్నలు. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కొక్కటి 40. అంటే సగం జీవశాస్త్రమే! ముందు దానిని గట్టి చేసుకోండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ఈ సంగతి తెలియక ఒక అమ్మాయి రాని ప్రశ్నలన్నీ వదిలేసి వచ్చి మా ముందు ఏడ్చింది. మీరు ఒక్కటి కూడా వదలకండి.

బట్టీ పట్టవద్దు. గుండె, కిడ్నీ బొమ్మలు చూడకుండా వేసి పేర్లు రాయండి. మలేరియా పాఠం చదివేటప్పుడు, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమలో ఆ క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే అని గుర్తు చేసుకోండి. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతమే ఎందుకు? ఒట్టి నీరు రక్తంలోకి ఎక్కిస్తే ఎర్ర కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అదే ఆస్మాసిస్. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో వెళ్ళాలంటే, మి.లీ.కి 20 చుక్కల సెట్‌తో నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఈ లెక్క తప్పితే పోయేది మార్కు కాదు, రోగి ప్రాణం.

తల్లిదండ్రులారా, పరీక్ష అయ్యేవరకు అమ్మాయికి ఇంటి పని తగ్గించండి. ర్యాంకు రాకపోతే నిందించకండి. జి.ఎన్.ఎం. చదివి, తరువాత పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయవచ్చు. మేమూ డిప్లొమాతోనే ఈ సేవలోకి వచ్చాము.

ప్రభువు మీ ప్రయాసను దీవించును గాక!