నవ్వుల గ్యాస్‌తో పులిపిరి పోయింది.. మచ్చను మాత్రం ముట్టుకోలేదు!

గత వేసవిలో అమ్మ గుంటూరు నుంచి హార్ట్‌ఫర్డ్ వచ్చింది. వచ్చిన రెండో రోజే మెడ మీద ఎర్రటి వాపు కనిపించింది. పులిపిరికి తల వెంట్రుక బిగించి కట్టిందట! వేలి మీద మరొకటి, వీపున నల్లమచ్చ. చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను.

మనం రెండింటినీ పులిపిరి అనే అంటాం. కానీ వేలి మీది గరుకు బుడిపె హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. మెడ మీద వేలాడేది ఒరిపిడితో వచ్చే స్కిన్ ట్యాగ్, అంటుకోదు. మధుమేహం ఉన్నవారిలో ఇవి ఎక్కువ. అందుకే డాక్టర్ ముందు షుగర్ పరీక్ష రాశారు.

వేలికి పెన్ను లాంటి పరికరంతో నైట్రస్ ఆక్సైడ్ పెట్టారు. దంతవైద్యులు వాడే నవ్వుల గ్యాసే అది. ‘‘అయితే నొప్పి తెలియదేమోరా’’ అంది అమ్మ. తెలిసింది! మత్తు రావాలంటే పీల్చాలి. ఇక్కడ పనిచేసేది చలి ఒక్కటే. ఒత్తిడిలో ఉన్న ద్రవం బయటికి రాగానే సుమారు మైనస్ 88 డిగ్రీలకు చేరుతుంది. కణాల్లోని నీరు గడ్డకట్టి, అవి చచ్చి రాలిపోతాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఇంకా చల్లన. మన ఛాయకు చలి ఎక్కువైతే తెల్లమచ్చ మిగలొచ్చని హెచ్చరించారు.

ఈ వైద్యం అందరికీ పనిచేయదు. 2010లో వెలువడిన డచ్ పరిశోధనలో 250 మందిని పరిశీలించారు. 13 వారాలకు ద్రవ నైట్రోజన్‌తో 39 శాతం, శాలిసిలిక్ యాసిడ్‌తో 24 శాతం, ఏ వైద్యమూ చేయనివారిలో 16 శాతం మందికి నయమైంది.

‘‘వీపు మచ్చకూ అదే పెట్టమను’’ అంది అమ్మ. డాక్టర్ ఒప్పుకోలేదు. గడ్డకట్టిస్తే అది క్యాన్సరో కాదో తేల్చే కణజాలమే పోతుందన్నారు. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. వారం రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చివరికి సెబోరిక్ కెరటోసిస్ అని తేలింది, హాని లేనిది. విజిటర్ ఇన్సూరెన్స్ వర్తించలేదు, బిల్లు మేమే కట్టాం. అయినా బాధ లేదు.

తర్వాత అమ్మను బుష్నెల్ పార్కుకు తీసుకెళ్లాను. అక్కడ హొరేస్ వెల్స్ విగ్రహం ఉంది. ఈ ఊరి దంతవైద్యుడాయన. 1844 డిసెంబరు 10న నవ్వుల గ్యాస్ ప్రదర్శనలో ఒకరి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవడం గమనించారు. మర్నాడే ఆ గ్యాస్ పీల్చి తన పన్ను పీకించుకున్నారు. ‘‘ముందు తన మీదే చూసుకున్నాడన్నమాట’’ అంది అమ్మ.

మీ అమ్మానాన్నలు వస్తే ఒక్కసారి మెడ, వీపు చూడండి. ఫార్మసీలో దొరికే ఫ్రీజింగ్ కిట్‌ను మచ్చల మీద వాడొద్దు. మచ్చలు, స్కిన్ ట్యాగ్‌లు తీసేందుకు ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే ఏ మందుకూ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. పెరుగుతున్నా, రంగు మారినా, రక్తం కారినా ముందు డాక్టర్‌కు చూపించండి.