వంటింటి గ్యాసు పొయ్యి: ఎన్నిక, సంరక్షణ

పండుగకు ముందు ఇల్లు కడిగి, గోడలకు సున్నము వేయించి, పాత్రలు తోమించుకొనుట మన ఇండ్లలో ఆచారము. ఆ సందడిలో వంటగట్టు క్రింద, సిలిండరునకును పొయ్యికిని నడుమనున్న గొట్టమును వంగి చూచువారు ఎందరు? ఒక సంక్రాంతికి మా ఇంటిలో ఆ పని చేయక తప్పినది కాదు. రెండు దినములుగా వంటింటిలో సన్నని వాసన వచ్చుచుండెను. ఉల్లిపాయ యేదో కుళ్లినదని బుట్టలన్నియు వెదకితిమి. తుదకు సబ్బునీరు పూసి చూడగా, గొట్టము పొయ్యికి తగిలించిన చోట నురుగు బుడగలై పొంగినది. ఆ గొట్టమును వేయించి ఎన్నేండ్లయినదో ఇంటిలో ఎవరికిని గుర్తు లేదు. ఆ రెండు దినములును ప్రక్క గదిలో దేవుని దీపము వెలుగుచునే ఉన్నది! తప్పు పొయ్యిది కాదు, మాది.

మనము గ్యాసు అని పిలుచునది ముఖ్యముగా ప్రోపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒత్తిడికి లోనైనపుడు అది ద్రవమగును. మీట త్రిప్పగానే ఆవిరియై వచ్చును. ఒక లీటరు ద్రవము ఆవిరియైనచో ఇంచుమించు 250 లీటర్ల చోటు ఆక్రమించును. 14.2 కిలోల సిలిండరులో ఇన్ని దినముల వంటకు సరిపడు ఇంధనము ఇముడుటకు కారణమిదియే. ఈ ఆవిరి గాలికంటె బరువైనది. పొగవలె పైకి పోదు. నీటివలె నేలమీద ప్రాకి, గట్టు క్రిందను, మూలలలోను నిలిచియుండును. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరిన చాలును, నిప్పురవ్వ తగిలిన అంటుకొనును. సహజముగా దీనికి చెప్పుకొనదగిన వాసన లేదు. మనకు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టాన్ అను ద్రవ్యమును కొద్దిగా కలుపుదురు. ఆ దుర్వాసన ఇంటికి కావలివాడు.

మన దేశములో ఈ ఇంధనము 1955లో బొంబాయి నగరమున గృహములకు వచ్చినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము దీనిని పల్లెల వంటిండ్లకు చేర్చినవి. కండ్లు మండించు పొగ తగ్గినది, మేలే జరిగినది. కాని ఒక్క లోటు మిగిలినది. కట్టెల పొయ్యిలో నిప్పు ఎట్లు కప్పవలెనో, కుంపటి ఎక్కడ పెట్టవలెనో మన నాయనమ్మలు తమ పెద్దలవద్ద నేర్చి మనకు నేర్పిరి. గ్యాసు పొయ్యికి అట్టి పరంపర లేదు. దానిని మనమే ఏర్పరచవలెను.

పొయ్యి కొనునపుడు మొదట చూడవలసినది ఐ.ఎస్.ఐ. ముద్ర. భారతీయ ప్రమాణము ననుసరించి గ్యాసు వేడిలో నూటికి 68 వంతులైనను పాత్రకు అందవలెను. అంతకు తక్కువైన పొయ్యి చవకగా వచ్చినను, ఆ తగ్గింపును నెలనెల గ్యాసు రూపమున మనవద్దనే రాబట్టుకొనును. పిదప బర్నర్లు. పెద్ద కుటుంబమైనను పాలు కాచుటకు చిన్న బర్నరు ఒకటి ఉండుట మంచిది; గిన్నె అడుగు దాటి ప్రక్కలకు ఎగయు మంట వట్టి వ్యయము. గాజు పలక పొయ్యి కంటికింపైనదే. కాని కాగియున్నపుడు చన్నీళ్లు చిలికినను, బరువైన పాత్ర జారిపడినను పగులవచ్చును. పెద్ద పాత్రలు దించి ఎక్కించు ఇంటికి ఉక్కు పలకయే నిబ్బరము.

మంట రంగే పొయ్యి ఆరోగ్యమును చెప్పును. నీలముగా, నిలకడగా ఉన్నచో మంచిది. పసుపు పారి గిన్నె అడుగున మసి పట్టుచున్నచో గాలి చాలుట లేదని అర్థము. పొంగిన గంజియు పాలును ఎండి బర్నరు రంధ్రములను మూయుటయే తరచుగా ఇందుకు కారణము. బర్నరు చల్లారిన తరువాత తీసి, సబ్బు కలిపిన వేడినీటిలో నానబెట్టి, కుంచెతో తోమి, మూసుకొనిన రంధ్రములను సూదితో తెరచి, తడి పూర్తిగా ఆరిన పిమ్మట అమర్చవలెను. లోపల గ్యాసు చిమ్ము సన్నని రంధ్రమును మాత్రము మనము పొడువరాదు. అది పెద్దదైనచో మంట అదుపు తప్పును. ఆ పని తెలిసిన మెకానిక్కుకు విడువవలెను.

ఇక గొట్టము. ఐ.ఎస్.ఐ. ముద్రయు, లోపల ఉక్కుతీగ అల్లికయు గల నారింజరంగు గొట్టమునే కొనవలెను. ఒకటిన్నర మీటరు మించరాదు. ఐదేండ్లు నిండగానే మార్చవలెను. అతుకులు వేయుట, గోడలో నుండి దూర్చుట, గుడ్డ చుట్టుట తగదు. సిలిండరును ఎల్లపుడు నిలువుగా, పొయ్యికంటె దిగువన నిలుపవలెను. క్రొత్త సిలిండరు రాగానే మెడవద్ద వ్రాసిన అక్షరమును, సంఖ్యను చూడవలెను. ఏ, బి, సి, డి అనునవి సంవత్సరములోని నాలుగు మూడునెలల భాగములు; సంఖ్య సంవత్సరము. ‘సి 28’ అనగా 2028 సెప్టెంబరు లోపల ఆ సిలిండరును మరల పరీక్షింపవలెను. గడువు దాటినదానిని తీసుకొనరాదు. కారుటను సబ్బునీటితోనే పరీక్షింపవలెను. అగ్గిపుల్లతో ఎన్నటికిని కాదు.

వాసన వచ్చినచో తొందరపడి దీపపు స్విచ్చు వేయరాదు, వేసియున్నదానిని ఆర్పరాదు. రెండింటను నిప్పురవ్వ పుట్టును. పొయ్యిని, దేవుని దీపమును ఆర్పి, రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, అందరును వెలుపలికి పోయి, అక్కడనుండి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండరుపై గొట్టము మార్చిన తేదీ వ్రాసియున్నది. రాత్రి పడుకొనబోవు ముందు రెగ్యులేటరు మూయుట మా పిల్లల వంతు. ఈ రాత్రి వంట ముగిసిన పిమ్మట మీరును ఒక్కమారు గట్టు క్రిందకు వంగి చూడుడని మా మనవి.