మీకు తెలుసా? సైన్స్‌కు మన సొమ్ము ఎంత?

ఇటు రండి, ఓ మాట! మన దేశంలో పరిశోధనల మీద 2010-11లో పెట్టిన ఖర్చు రూ.60,196 కోట్లు. పదేళ్లు తిరిగేసరికి ఎంతైందో తెలుసా? రూ.1,27,381 కోట్లు! రెట్టింపు దాటేసింది!

అప్పుడే సంబరపడకండి! దేశం సంపాదించే ప్రతి వంద రూపాయల్లో అది ఎంత? 64 పైసలు! ప్రభుత్వానిది, ప్రైవేటుది అంతా కలిపినా రూపాయి నిండలేదు! దక్షిణ కొరియా అదే వందలో దాదాపు ఐదు రూపాయలు తీసి పరిశోధనకు ఇస్తోంది!

మరి ఎక్కువ ముట్టేది ఎవరికి? రక్షణకు! 2020-21లో కేంద్రంలోని ప్రధాన సైన్స్ సంస్థలు పరిశోధనకు పెట్టిన ప్రతి వందలో దాదాపు 31 రూపాయలు ఒక్క రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోవే! అగ్ని, ఆకాశ్ క్షిపణులు రూపుదిద్దుకున్నది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్ ల్యాబుల్లోనే!

రెండో స్థానం అంతరిక్షానిది. అయినా ఎంత పొదుపో చూడండి! 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మంగళయాన్‌కు అయిన ఖర్చు రూ.450 కోట్లు! ఆ డబ్బుతో ఏకంగా అంగారకుడి కక్ష్యలోకి చేరిపోయాం, అదీ మొదటి ప్రయత్నంలోనే!

మనిషిని పంపాలంటే మాత్రం లెక్క మారిపోతుంది! గగన్‌యాన్‌కు 2018లో అనుకున్నది పది వేల కోట్ల లోపే. 2024లో మన సొంత అంతరిక్ష కేంద్రం తొలి విభాగాన్నీ అందులో కలిపారు. ఇప్పుడు మొత్తం రూ.20,193 కోట్లు!

వ్యవసాయానికి వచ్చేది వందలో 12 రూపాయలే. కానీ అది మీ కంచంలోకే వచ్చిందేమో చూసుకోండి! బాపట్లలో పుట్టిన సాంబ మసూరి వరికి ఎండాకు తెగులు బెడద. ఆకు చివర నుంచి పసుపెక్కి ఎండిపోయేది! హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ చేతులు కలిపి మూడు నిరోధక జన్యువులు చేర్చాయి. 2008లో కొత్త సాంబ మసూరి పొలానికొచ్చింది. తెగులును తట్టుకుంటుంది, బియ్యం మాత్రం అదే సన్నం!

సముద్రం అడుగుకీ డబ్బు దిగుతోంది! 2021లో ఆమోదం పొందిన డీప్ ఓషన్ మిషన్‌కు రూ.4,077 కోట్లు! అందులో భాగమే మత్స్య-6000 అనే జలాంతర వాహనం. గుండ్రటి టైటానియం గదిలో ముగ్గురు కూర్చుని ఆరు కిలోమీటర్ల లోతుకు దిగుతారట! ఆ గది అడ్డం కొలత రెండు మీటర్ల చిల్లర, అంతే!

కంటికి కనిపించని కణాలకు ఎంత? 2023లో మొదలైన నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఎనిమిదేళ్లలో రూ.6,003 కోట్లు! మంగళయాన్ లాంటివి పదమూడు పంపొచ్చు!

గురుత్వ తరంగాలు వినాలని కూడా కేంద్రం నడుం కట్టింది! మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా పరిశోధన కేంద్రానికి 2023లో ఇచ్చిన మాట రూ.2,600 కోట్లు! ఆ పరిశోధన కేంద్రానికి ఒక్కొక్కటి నాలుగు కిలోమీటర్ల పొడవున్న రెండు చేతులు! అవి పసిగట్టాల్సిన కదలిక అణువు కన్నా ఎంతో చిన్నది!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి! అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థల్లో ఒకటి ఎన్‌ఐహెచ్. 2020లో దాని బడ్జెట్ 4,100 కోట్ల డాలర్ల పైమాటే! అప్పటి మారకంలో చూస్తే అన్ని రంగాలకూ కలిపి మన దేశమంతా పెట్టినదానికి రెట్టింపు దాటిపోయింది!

మనమూ ఊరికే కూర్చోలేదు! ప్రైవేటు కంపెనీలనూ పరిశోధనకు దింపాలని 2025 జులైలో కేంద్రం లక్ష కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది! తక్కువ వడ్డీకి, కొన్నింటికి వడ్డీయే లేకుండా, దీర్ఘకాలిక అప్పులిస్తారు! మీ ఊరి కుర్రాడి దగ్గర కొత్త ఆలోచన ఉందా? ఈ కబురు ఈ రోజే చెప్పెయ్యండి!