వాననీటి మార్గాల రక్షణలో సామూహిక శ్రమ: హైదరాబాదు నాలాలు, చెరువుల నేపథ్యం

వ్యాససంగ్రహం:
నగరంలో కురిసిన వాన వీధుల మీది మురికిని కడిగి చెరువుల్లోకి చేరుస్తుంది. ఈ కాలుష్యాన్ని చెరువు ఒడ్డున కాక, అది పుట్టే వీధిలోనే నివారించడానికి పౌరుల స్వచ్ఛందశ్రమ ఎంతవరకు ఉపకరిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాననీరు, నాలా, చెరువు, తొలివాన, స్వచ్ఛందసేవ.

1. ఉపోద్ఘాతం:
చెరువు తవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడునేల వంటివి ఆ దోషాలు. వాననీటితోపాటు నగరపు మురికి వచ్చి చేరడం ఆ జాబితాలో లేదు. నేటి చెరువులకు దానిని ఏడవ దోషంగా చెప్పుకోవచ్చు.

2. తొలివాన మోసుకొచ్చేది:
మట్టినేల వానను ఇంకించుకుంటుంది. సిమెంటు, తారు నేలలు దొర్లించివేస్తాయి. ఎండాకాలమంతా రోడ్లపై పేరుకున్న ఇంజన్ ఆయిల్, టైర్ల పొడి, పేడ, ప్లాస్టిక్ సంచులు, ఇళ్ల నిర్మాణాల ఇసుక తొలివానలకే ఒక్కసారిగా కదులుతాయి. అందుకే తొలివాన నీటిలో కాలుష్యం సాంద్రంగా ఉంటుంది. నీటిలో చేరిన నత్రజని, భాస్వరం గుర్రపుడెక్కకు, నాచుకు ఎరువవుతాయి. అవి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. 1562లో నిర్మితమైన హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు చేరుతాయి. వాననీటి కోసం ఏర్పడిన ఈ దారుల్లో మురుగునీరు కలవడం సమస్యను రెట్టింపు చేసింది.

3. పూర్వపు కట్టుబాటు:
తెలంగాణ గ్రామాల్లో తూము తెరిచి మూసే బాధ్యత నీరటిది. ఆయకట్టు రైతులు వేసవిలో పూడికమట్టిని బండ్లతో పొలాలకు తోలుకునేవారు. దానివల్ల చెరువు లోతు నిలిచేది, చేనుకు సత్తువ చేరేది. ఆ శ్రమ దానధర్మం కాదు. ప్రతిఫలం ఉన్న బాధ్యత. నగరంలో ఆయకట్టు లేదు. ఇంటి నల్లా నీరు దూరాన ఉన్న కృష్ణా, గోదావరుల నుంచి వస్తుంది. కాబట్టి వీధి చివరి నాలా ఎవరిదీ కాకుండా పోయింది. తెగిపోయిన ఈ సంబంధాన్ని తిరిగి కలపడమే స్వచ్ఛందసేవ అసలు ప్రయోజనం.

4. శ్రమ ఎక్కడ అవసరం?
చెరువుగట్టున చెత్త ఏరడం మంచిదే. కాని కరిగిన నూనెలను, ఎరువులను చేతులతో ఏరలేం. అందువల్ల ఎగువనే పని మొదలుకావాలి.

అ) జూన్‌కు ముందే వీధుల్లోని చెత్తను, ఇసుకను పొడిగా ఊడ్చి తరలించాలి, నీళ్లతో కాలువలోకి కడగరాదు.
ఆ) వాననీటి జాలీల పక్కన ఆ నీరు చేరే చెరువు పేరు రాయాలి.
ఇ) మెకానిక్ షెడ్ల వారితో మాట్లాడి, వాడిన ఆయిల్ కాలువపాలు కాకుండా చూడాలి.
ఈ) ఇంటి కప్పుమీది శుభ్రమైన నీటిని ఇంకుడుగుంతలకు మళ్లించాలి.
ఉ) వానలేని రోజుల్లోనూ వాననీటి కాలువ పారుతుంటే అందులో మురుగు కలుస్తున్నదని అనుమానించాలి. ఆ చోటును తేదీతో, ఫోటోతో నమోదుచేసి పురపాలక అధికారులకు ఇవ్వాలి.

ఈ చివరి పనికి పార, తట్ట అక్కరలేదు. క్రమం తప్పని పరిశీలన చాలు.

5. పరిమితులు:
సేవ పేరుతో ఎవరూ మ్యాన్‌హోల్‌లోకి దిగకూడదు. రక్షణ సాధనాలు లేకుండా మనుషులచేత మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. వరద వేళ నాలా దగ్గరికి వెళ్లడమూ ప్రమాదమే. మురుగును వేరుచేసే పైపులు వేయడం, శుద్ధికేంద్రాలు నడపడం ప్రభుత్వ బాధ్యతలు. పౌరుల శ్రమ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

6. ముగింపు:
సరస్సులను, నదులను కాపాడటం రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం పౌరులకు నిర్దేశించిన ప్రాథమిక విధి. ఆ విధి ఏడాదికొక శ్రమదానంతో తీరదు. తన వాకిట పడిన వాన ఏ చెరువుకు పోతుందో తెలిసిన నాడు నగరవాసి మళ్లీ ఆయకట్టుదారుడవుతాడు.