నాలుగు స్లాట్లూ నింపితే ర్యామ్ నెమ్మదిస్తుందని మీకు తెలుసా?

చెన్నై మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లి సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది ఒకేలా లెక్క వేసుకుంటారు. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డు కొందాం, ఇప్పటికి రెండు ర్యామ్ స్టిక్‌లు వేయిద్దాం, చేతిలో డబ్బులు ఆడినప్పుడు మిగతా రెండూ నింపుదాం అని. డీడీఆర్4 తరం ర్యామ్ రోజుల్లో ఈ లెక్క బాగానే నడిచింది. దాని తర్వాతి తరం డీడీఆర్5 దగ్గరకు వచ్చేసరికి తప్పుతోంది.

ఏఎండీ రైజెన్ 7000 వరస ప్రాసెసర్లనే చూడండి. రెండు స్టిక్‌లుంటే ర్యామ్ 5200 వేగంతో పనిచేస్తుందని కంపెనీ హామీ. నాలుగూ పెడితే ఆ హామీ 3600కి పడిపోతుంది. మంచి బోర్డు మీద అంతకంటే ఎక్కువ రావచ్చు గానీ, దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకూడదు.

ఎందుకిలా? మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు రెండు దారులే ఉంటాయి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్కో దారి మీద రెండేసి స్లాట్లు కూర్చుంటాయి. రెండో స్టిక్ చేరగానే ఆ తీగల మీద విద్యుత్ భారం పెరిగి, అంత వేగంలో సంకేతాలు చెదురుతాయి. రెండే స్టిక్‌లు ఉన్నప్పుడు ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టమనడానికీ కారణం సంకేతాలు చెదరకూడదనే. చాలా బోర్డుల్లో తీగ చివరన ఉండేవి ఆ రెండు స్లాట్లే. చివర ఖాళీగా వదిలేస్తే సంకేతం అక్కడ తగిలి వెనక్కి తిరిగొస్తుంది.

అందుకే 64 జీబీ కావాలంటే 16 జీబీవి నాలుగు కాకుండా 32 జీబీవి రెండు మొదటే కొనడం మేలు. 2023లో 48 జీబీ స్టిక్‌లు కూడా వచ్చాయి కాబట్టి రెండింటితోనే 96 జీబీ అందుతుంది. అంతకుముందు తయారైన బోర్డయితే వాటిని గుర్తుపట్టడానికి బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌తో పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది. బిల్లు వేయించే ముందే అది చూడండి. భారీ వీడియో ఎడిటింగ్ చేస్తూ 96 జీబీ కూడా చాలనివాళ్లు మాత్రం వేగం సంగతి పక్కనబెట్టి నాలుగు స్లాట్లూ నింపుకోవచ్చు. ర్యామ్ చాలక పని ఎస్‌ఎస్‌డీ మీద పడటం కంటే నిదానంగా నడిచే ర్యామే నయం.

ర్యామ్ ఎక్కువ పెట్టిన డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోతే కంగారుపడొద్దు. బోర్డు తన ర్యామ్‌ను పరీక్షించి సర్దుకుంటోందన్నమాట. కొన్నింటికి అందుకు చాలా నిమిషాలు పడుతుంది. మధ్యలో స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక 128 జీబీ దాటించాలనుకునేవాళ్లు విండోస్ 11 హోమ్ కొనకండి. అంతకు మించి ఎంత ర్యామ్ ఉన్నా అది వాడుకోదు. ప్రో ఎడిషన్ తీసుకోవాలి.